సీటెక్కిన దస్తీ

పెద్దగుట్ట స్టేషన్లో పొద్దుటి లోకల్ రైలు ఇంకా ఆగకముందే సీట్లన్నీ నిండిపోయేవి. మనుషులతో కాదు, దస్తీలతో. రైలు మెల్లబడుతుండగానే జనం దాని పక్కన పరుగెత్తుతూ కిటికీ ఊచల సందుల్లోంచి చేతిగుడ్డలు లోపలికి విసిరేవాళ్లు. ఎవరి దస్తీ ఏ సీటు మీద పడితే ఆ సీటు వాళ్లది. ఆ తర్వాత ఆ మనిషి చాయ్ తాగి, బీడీ ఆర్పి, అందరికంటే చివర ఎక్కినా ఎవరూ కిక్కురుమనరు. తలుపు దగ్గర మాత్రం ఒకడి మోచెయ్యి ఇంకొకడి డొక్కలో దిగుతుంది, చెప్పులు తెగుతాయి, గుండీలు ఊడతాయి, ఎదుటివాడి తాత ముత్తాతలంతా బయటికొస్తారు. కానీ సీటు మీదున్న దస్తీని తీసి పక్కన పెట్టిన మొనగాడు ఆ లైను మీద ఇంతవరకు పుట్టలేదు. జేబులు కొట్టేవాళ్లు కూడా దస్తీ జోలికి పోయేవాళ్లు కాదు. వాళ్లకూ కొన్ని పద్ధతులుండేవి.

లింబాద్రిది ఎర్రగళ్ల దస్తీ. అతను నగరంలోని పాతగంజ్‌లో గోవర్ధన్ సేటు చీరల కొట్లో గుమాస్తా. పెళ్లికి ముందు చేరినవాడు, ఇప్పుడు నెత్తి నెరిసింది. సేటు కొట్లో గుమాస్తాలు కూర్చోవడానికి లేదు. కూర్చున్న గుమాస్తాను చూస్తే గిరాకీకి ఇంకో చీర తీయమని అడగడానికి మొహమాటం వస్తుందని సేటు సిద్ధాంతం. అట్లా నిలబడీ నిలబడీ లింబాద్రి మోకాళ్లు అరిగిపోయాయి. గోళీలు రాసిన డాక్టరు, కూర్చోవడం ఒక్కటే అసలు మందని చెప్పాడు. ఆ మందు అతనికి రోజు మొత్తంలో ఒక్క రైల్లోనే దొరికేది.

సేటుకు ఇంకో సిద్ధాంతం కూడా ఉంది. తొమ్మిదికి షట్టర్ లేచి ఊదుబత్తి వెలిగేటప్పటికి గుమాస్తాలంతా గుమ్మం ముందు వరసగా నిలబడి ఉండాలి. లేనివాడు ఆ రోజుకి లేనట్టే. ఎక్కువ రోజులు లేనివాడు ఇక ఎప్పటికీ లేనట్టే. ఈ వయసులో, ఈ మోకాళ్లతో, ఇంకో కొట్టు తనను గడప తొక్కనివ్వదని లింబాద్రికి తెలుసు. అందుకే ఆ దస్తీని అతను ఇంటి తాళంచెవి కంటే భద్రంగా చూసుకునేవాడు.

ఆ ఏడు పేపర్లలో రద్దీ గురించి రాతలు ఎక్కువయ్యాయి. తలుపులకు గబ్బిలాల్లా వేలాడుతున్న జనం ఫొటోలు వేశారు. నగర రైలు సంస్థవాళ్లు తల పట్టుకుని ఆలోచించి, రైళ్లు పెంచడం తప్ప మిగిలిన మార్గాలన్నీ పరిశీలించడానికి కార్యదక్షతా విభాగమని ఒకటి పెట్టారు. దానికి పరాంకుశరావు అనే పెద్ద అధికారిని తెచ్చారు. ఆయన చదివిన చదువులు ఒక నేమ్‌ప్లేటు మీద పట్టక రెండోది చేయించారని ప్యూన్లు చెప్పుకునేవారు. ఆయన జన్మలో లోకల్ రైలు ఎక్కలేదు. కాబట్టి ఆ విషయంలో ఆయనకు ఎటువంటి పక్షపాతమూ ఉండదని సంస్థ నమ్మింది.

ఒక పొద్దున ఆయన పెద్దగుట్టకు వచ్చి, స్టేషను మేడ మీద కుర్చీ వేయించుకుని, పొద్దుటి రైలు రావడం, నిండడం, పోవడం చూశాడు. పక్కన స్టేషన్ మాస్టర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ గుడ్డలేమిటి?" అని అడిగాడు పరాంకుశరావు.

"దస్తీలు సార్. సీటు ఆపుకుంటరు."

"అవి పరస్పరం ఘర్షణ పడతాయా?"

"లేదు సార్."

"తలుపులకు వేలాడతాయా?"

"ఏసిన జాగలనే ఉంటయ్ సార్."

"వాటి నుంచి ఫిర్యాదులు?"

స్టేషన్ మాస్టర్ కాసేపు ఆలోచించాడు. పై అధికారి అడిగినప్పుడు ఆలోచించకుండా జవాబిస్తే బాగుండదు. "దస్తీల నుంచైతే ఇప్పటిదాక రాలే సార్."

పరాంకుశరావు కళ్లద్దాలు తుడుచుకోవడానికి తన జేబులోంచి తెల్లటి చేతిగుడ్డ తీశాడు. తుడవలేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత చెప్పాడు: "రద్దీ అనునది ప్రయాణికుల సంఖ్యకు సంబంధించిన సమస్య కాదు. ప్రయాణికుల ఘనపరిమాణానికి సంబంధించిన సమస్య. ఇంతకాలం మనం తప్పు దిశలో చూస్తున్నాం."

స్టేషన్ మాస్టర్ అటు తిరిగి ఆ దిశలో కూడా ఒకసారి చూశాడు.

వారం తిరక్కుండా గోడ మీద నోటీసు పడింది. 'కరవస్త్ర పూర్వాసన పథకం' అని పేరు. లింబాద్రి దాన్ని మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి చదివి, ఏమీ తెలియక మైసయ్యను పిలిచాడు. మైసయ్యది పక్క వీధే. నగరంలో సర్కారు ఆఫీసులో అటెండరు. సర్కారు భాష అతనికి కొట్టిన పిండి.

"ఏం లేదే అన్నా. మన దస్తీ కౌంటర్ల ఇస్తే ముద్ర గుద్దుతరు. ముద్ర పడ్డ దస్తీ ఇగ రైలోళ్ల లెక్కల ప్యాసింజరే. యార్డులనే వాళ్లే మన సీటు మీద పరుస్తరు. మనకు ఉరుకుడు లేదు, ఇసురుడు లేదు. సీదా పోయి కూసునుడే."

"పైసలెంతట?"

"పాసున్నోళ్లకు ఉట్టిగనే."

"గింత మంచి పని రైలోళ్లకు ఎట్ల దోచిందిరా?"

"ఏదో పొరపాటున అయ్యుంటది తియ్," అన్నాడు మైసయ్య.

ఆ సాయంత్రం లింబాద్రి భార్య లసుంబాయి ఎర్రగళ్ల దస్తీని ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసింది. "మన పెండ్లిల నీ అంగీకి గూడ గింత ఇస్త్రీ కాలే," అంది. కౌంటర్లో ఆ దస్తీ మూలన నీలం రంగు ముద్ర గుద్దారు. మూడో కిటికీ పక్క సీటు రాసిచ్చారు.

ఆ నెల రోజులు లింబాద్రి బతుకులో మంచి రోజులు. ప్లాట్‌ఫారం మీద పరుగు లేదు. రైలొచ్చాక నింపాదిగా ఎక్కి, మూడో కిటికీ దగ్గరికి పోయి, దస్తీని మడిచి తొడ మీద పెట్టుకుని, కాళ్లు చాపి కూర్చునేవాడు. చెరువు గట్లు, ఇటుక బట్టీలు, గుట్టలు తొలిచే మిషన్లు వెనక్కి పోతుంటే మోకాళ్లలో సలుపు కొద్దికొద్దిగా దిగిపోయేది. దిగేటప్పుడు దస్తీని సీటు మీదే వదిలేస్తే రైలువాళ్లే దాన్ని మళ్లీ యార్డుకు చేర్చేవాళ్లు. పాతగంజ్‌లో దిగేసరికి షట్టర్‌కి ఇంకా టైముండేది. సేటు ఒకరోజు అతన్ని చూసి తలాడించాడు. సేటు తలాడించడమంటే మిగతావాళ్లు మెడలో దండ వేయడంతో సమానం. ఇంటికొచ్చాక మేడ మెట్లు కమ్మీ పట్టుకోకుండా ఎక్కాడు. లసుంబాయి చూసి దిష్టి తీసింది.

నెల నిండగానే కార్యదక్షతా విభాగం పథకం ఎట్లా నడుస్తోందో చూడటానికి జనాభా లెక్కలు తీసింది. లెక్కలు రాసేవాళ్లు పెట్టె పెట్టెకూ వచ్చి, పై నుంచి వచ్చిన ఆదేశాల ప్రకారం రాసుకున్నారు. ముద్ర ఉన్న దస్తీ ప్రయాణికుడు. పాసు ఉన్న మనిషి కూడా ప్రయాణికుడే. మూడో కిటికీ దగ్గర లింబాద్రిని చూసి ఒకటి అనుకున్నారు, తొడ మీదున్న దస్తీని చూసి రెండు అనుకున్నారు. రైలు మొత్తం అట్లాగే ఉంది. లెక్కలన్నీ కూడితే, పథకానికి ముందు సీటుకు ఒకరున్న చోట పథకం తర్వాత ఇద్దరయ్యారు. రద్దీ రెట్టింపయింది.

రాజధానిలోని బోర్డువాళ్లు ఉలిక్కిపడ్డారు. కారణాలు తెలపవలసిందిగా పరాంకుశరావుకు తాఖీదు పంపారు.

దస్తీ మనిషి కాదని ఒక్క ముక్క రాసేస్తే అక్కడితో పోయేది. కానీ ముద్ర పడ్డ కరవస్త్రం సంపూర్ణ ప్రయాణికుడని నోటీసులో ఉంది, నోటీసు కింద పరాంకుశరావు సంతకం ఉంది. తను సంతకం పెట్టిన దాన్ని తనే తప్పనడం ఆయన సర్వీసులో లేదు. ఆయన కమిటీ వేశాడు. కమిటీ ఏసీ గదిలో జీడిపప్పు తింటూ పొద్దుట్నుంచి చీకటి పడేదాకా కూర్చుంది. ఒక సీట్లో ఇద్దరున్నారు కాబట్టి ఒకరు దిగాలన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. ఎవరు దిగాలన్నదే ప్రశ్న.

"మనం సీనియారిటీ సూత్రాన్ని అనుసరించవలసి ఉంటుంది," అన్నాడు పరాంకుశరావు. "కరవస్త్రం యార్డులోనే ఆసీనమవుతున్నది. మానవుడు పెద్దగుట్టలో ఎక్కుతున్నాడు. ముందుగా ఆసీనుడైన ప్రయాణికుణ్ణి, వెనుక వచ్చినవాడి కోసం లేపడం సహజ న్యాయానికి విరుద్ధం."

ఆయన మాట కాదనడానికి కమిటీలో సీనియర్లు ఎవరూ లేరు.

ఆ సోమవారం పొద్దున రైలొచ్చి ఆగింది. పెట్టె తలుపుకు అడ్డంగా టీసీ దామోదర్ నిలబడి ఉన్నాడు. దామోదర్ ఆ ఊరివాడే. వాడి పెళ్లికి చీరలు లింబాద్రే ఏరిచ్చాడు.

"బండి ఫుల్లున్నది. ఎన్కకు జరుగుండ్రి," అన్నాడు దామోదర్.

"లోపట నరపురుగు లేదు గదరా," అన్నాడు మైసయ్య.

"సీట్లన్నీ నిండినయ్ కాకా."

"అగో, ఆ ఎర్రగళ్లది నాదే," అన్నాడు లింబాద్రి, కిటికీలోంచి వేలు పెట్టి చూపిస్తూ.

"నాకెర్క లేదా కాకా. ఆయన కూసున్నడు. నువ్వు గూడ ఎక్కితే ఒక్క పాసు మీద ఇద్దరైతరు."

"అయితే దాన్ని తీసి జేబుల పెట్టుకుంట."

దామోదర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గా మాట ఇంకోపారి అనకు కాకా. కూసున్న ప్యాసింజర్ను లేపితే కేసైతది. మా అందరితోని కాయిదం మీద దస్కత్ చేయించుకున్నరు."

"పోనీ నిలబడి పోతం. గంత జాగ ఉట్టిగనే ఉన్నది."

"నిలబడితే రద్దీ అంటరు. రద్దీని ఇయ్యాల్టి నుంచి బందు వెట్టినం."

ఈల వేశారు. రైలు కదిలింది. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు లేకపోవడం వల్ల సరిగ్గా టైముకు కదిలింది. ఆ లైను వేసిన నాటి నుంచి అట్లా కదలడం అదే మొదలు. ప్లాట్‌ఫారం మీద జనం టిఫిన్ డబ్బాలు పట్టుకుని, కిటికీల్లోంచి తమ తమ దస్తీలు ఒకదాని వెంట ఒకటి పోతుంటే చూస్తూ నిలబడ్డారు. ఒక ముసలమ్మ అలవాటుగా చెయ్యి కూడా ఊపింది.

ఇక అక్కడి నుంచి ఆ లైనుకు తిరుగులేకుండా పోయింది. రైళ్లు టైముకు వచ్చేవి, టైముకు పోయేవి. పెట్టెల్లో ఉమ్మివేతలు, గొడవలు, జేబు దొంగతనాలు పూర్తిగా ఆగిపోయాయి. ప్రయాణికుల సౌకర్యాల మీద సంస్థ ప్రత్యేక శ్రద్ధ పెట్టింది. ఫ్యాను గాలికి ఒక దస్తీ కిటికీలోంచి ఎగిరిపోతే, నడుస్తున్న రైలు నుంచి ప్రయాణికుడు పడిపోయాడని విచారణ జరిపి, ప్రతి దస్తీ మీదా గులకరాయి పెట్టించారు. వానకు తడిసిన వాటిని ఆరబెట్టడానికి ప్రథమ చికిత్స గది కట్టారు. వెలిసిపోయిన దస్తీలను వయోవృద్ధులుగా గుర్తించి తలుపు దగ్గరి సీట్లిచ్చారు. ఆడవాళ్ల పెట్టెలో మగ దస్తీ ఒకటి దొరికితే దాన్ని స్టేషన్లో దింపేసి, సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టి మందలించి పంపారు.

బోర్డువాళ్లు వచ్చి చూశారు. సీట్లు నూటికి నూరు నిండి ఉన్నాయి, నిలబడ్డవాడు ఒక్కడూ లేడు. పరాంకుశరావుకు శాలువా కప్పారు. ఆయన మైకు ముందు నిలబడి, "ఈ విజయం నాది కాదు, సహకరించిన ప్రయాణికులది," అన్నాడు. ముందు వరసలో కుర్చీల మీద పరిచిన దస్తీలు వినయంగా విన్నాయి.

లింబాద్రి ఇప్పుడు తెల్లారక ముందే లేచి, ఇటుకల లారీ మీద సగం దూరం పోయి, అక్కడ షేర్ ఆటో వెనక రాడ్డు పట్టుకుని ఇంకొంత దూరం పోయి, మిగతాది నడిచేవాడు. లారీ దొరికిన రోజు ఆటో దొరికేది కాదు. కొట్టుకు చేరేసరికి ఊదుబత్తి ఆరిపోయి ఉండేది. మోకాళ్లు బుంగల్లా వాచాయి. వంగి చీర పరిచి చూపించి మళ్లీ నిటారుగా లేవడానికి గల్లాపెట్టె మూల పట్టుకోవలసి వచ్చేది.

"క్యా లింబాద్రీ, నీకి పొద్దునకి దుష్మనీ అయ్యిందా?" అని అడిగాడు గోవర్ధన్ సేటు.

"రైలు ఎక్కనిస్తలేరు సేటూ."

"రైలు టైముకే వస్తుంది కద. పేపర్లో ఫస్ట్ ప్రైజ్ అని వేసిండ్రు."

"రైలొస్తది సేటూ. నేను రాను. నా దస్తీ వస్తది."

సేటు అతని మొహంలోకి చూసి, ఫ్యాను స్పీడు పెంచాడు.

ఈలోగా నగరంలో ఆఫీసులన్నిటికీ కార్యదక్షతా విభాగం ఒక విన్నపం పంపింది. రిజిస్టరైన కరవస్త్రం గమ్యం చేరినచో ప్రయాణికుడు చేరినట్టుగా భావించవలసిందని, చేరిన కరవస్త్రాలను కోరిన ఆఫీసుకు తమ మనిషే తెచ్చి ఇస్తాడని. సర్కారు ఆఫీసులు దీన్ని వెంటనే ఒప్పుకున్నాయి. వాటికిది కొత్త సంగతి కూడా కాదు. కుర్చీకి కోటు తగిలించి, బల్ల మీద కళ్లద్దాలు పెట్టి పోయే ఆచారం అక్కడ పాతదే.

మైసయ్య ఇంటి ముందు నులక మంచం వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

"డ్యూటీ లేదారా?" అని అడిగాడు లింబాద్రి, కుంటుకుంటూ లారీ కోసం పోతూ.

"ఎందుకు లేదు? పోయిన. ఇప్పుడు ఆఫీసుల స్టూలు మీద కూసోని ఉన్న," అన్నాడు మైసయ్య పళ్లు తోముకుంటూ. "మా సార్ దస్తీ గూడ వచ్చిందట. ఇద్దరికి మంచిగ పొత్తు కుదిరింది. వెనకటి లెక్క చాయ్ తెమ్మని సతాయిస్తలేడు."

లింబాద్రి ఆ విన్నపం కాగితం పట్టుకుపోయి సేటుకు చూపించాడు. సేటు చదివి, నాలుగు మడతలు పెట్టి, తిరిగి ఇచ్చేశాడు.

"నీ దస్తీ పెళ్లివాళ్లకి పట్టుచీర చూపిస్తదా?"

"చూపియ్యది సేటూ."

"ఈ బార్డర్ అమ్మాయికి మస్తుగ నప్పుతది మా, అంటదా?"

"అనది."

"మరి నాకి దాంతో ఏం పని? చూడు లింబాద్రీ, నువ్వు మంచోడివి. రేపు షట్టర్ లేస్తుంటే నా కళ్ల ముందు ఉండాలి. లేదంటే మా బామ్మర్ది ఊరి నుంచి ఒక పిలగాడు వచ్చిండు. వాడి మోకాళ్లు కొత్తవి."

ఆ మధ్యాహ్నమే లింబాద్రి సెలవు చెప్పి కార్యదక్షతా విభాగానికి పోయాడు. అక్కడ బయటి గదిలో కుర్చీలన్నిటి మీదా దస్తీలు ఉన్నాయి, కాబట్టి నిలబడ్డాడు. పిలిచాక లోపలికి పోయి చేతులు కట్టుకుని చెప్పాడు. "సార్, పథకం మంచిదే. నాకు మాత్రం నా దస్తీ నాకియ్యుండ్రి. నేను ఎప్పటిలెక్క మనిషిగనే వస్త."

పరాంకుశరావు మర్యాదగానే విన్నాడు. ఫైలు తెప్పించాడు. "ఎర్రగళ్లు, మూడవ కిటికీ. చాలా మంచి ప్రయాణికుడు. ఇంతవరకు ఒక్క ఫిర్యాదు లేదు. తమరు ఆయనకు ఏమవుతారు?"

"నాదే సార్ అది."

"బంధుత్వం?"

"బంధుత్వం ఏంది సార్. సంతల కొన్న."

పరాంకుశరావు మొహం మాడింది. "ప్రయాణికులను కొనడం అమ్మడం అనే మాటలు ఈ కార్యాలయంలో వాడరాదు. సరే, తమరు ఆవేదనలో ఉన్నారు. అయితే ఒక ఇబ్బంది ఉన్నది. ఆయన దిగితే ఒక సీటు ఖాళీ అవుతుంది. నూటికి నూరు అన్నది పోతుంది. జాతీయ స్థాయి బహుమతికి పరిశీలన జరుగుతున్న ఈ తరుణంలో ఒక్కరి సౌకర్యం కోసం..."

"ఆ సీట్ల నేను కూసుంట గద సార్. ఖాళీ ఎట్లయితది?"

"తమరు కూర్చుంటే సీటు నిండుతుంది, నిజమే. కానీ తమరితో పాటు మోకాళ్లు వస్తాయి, సంచీ వస్తుంది, తమరు ఎక్కడానికి రైలు ఆగవలసి వస్తుంది. ఆలస్యానికి బాధ్యత ఎవరిది? ఆలోచించండి. తమరి స్థానంలో ఉండి కాదు, సంస్థ స్థానంలో ఉండి ఆలోచించండి."

లింబాద్రి సంస్థ స్థానంలో ఉండి ఆలోచించడానికి ప్రయత్నించాడు. అక్కడ కూడా కూర్చోవడానికి చోటు కనపడలేదు.

ఆ పూట ఇంట్లో అన్నం ముందు కూర్చుని లసుంబాయికి అంతా చెప్పాడు. ఆమె అతని మోకాళ్లకు ఆముదం రాస్తూ వింది.

"గా దస్తీ లేకుంటే ఏమైతది?" అంది.

"ఏమైతది, సీటు ఖాళీ అయితది."

"ఖాళీ సీట్ల ఎవరు కూసుంటరు?"

ఆ రాత్రి లింబాద్రి మంచిగా నిద్రపోయాడు.

పొద్దున రైలు ఎప్పటిలాగే టైముకు వచ్చింది. దామోదర్ అవతలి పెట్టె దగ్గర నిలబడి ఉన్నాడు. లింబాద్రి ఇవతలి తలుపు తోసుకుని ఎక్కి, మూడో కిటికీ దగ్గరికి పోయి, గులకరాయి తీసి కింద పెట్టి, దస్తీని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ రంగురంగుల దస్తీలు రాళ్ల కింద కదలకుండా ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. మోకాళ్లు ఒక్కసారిగా తేలికయ్యాయి. బల్ల చెక్క చల్లగా ఉంది. కళ్లు మూసుకున్నాడు.

రైలు కదలలేదు.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా దామోదర్, వాడి వెనక ఇద్దరు రైల్వే పోలీసులు నిలబడి ఉన్నారు. దామోదర్ కళ్లలో నీళ్లున్నాయి. "ఎంత పని చేసినవ్ కాకా. ఆయన ఏడున్నడు?"

"ఎవరు?"

"ఎర్రగళ్లాయన."

లింబాద్రి చొక్కా జేబు మీద చెయ్యి పెట్టాడు. పోలీసులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "జేబుల బంద్ జేసిండు," అన్నాడొకడు.

ఆ రోజు రైలు ఆలస్యంగా బయల్దేరింది. దానికి కారణం మానవ తప్పిదమని సంస్థ ప్రకటించింది.

రైల్వే మేజిస్ట్రేటు మేడమ్ అదే రోజు పెద్దగుట్టలో క్యాంపు ఉండటం వల్ల కేసు మధ్యాహ్నమే విచారణకు వచ్చింది. ఆసీనుడైన ప్రయాణికుణ్ణి బలవంతంగా లేపుట, మడుచుట, జేబులో నిర్బంధించుట అని నేరాలు చదివారు. బాధితుణ్ణి కోర్టులోకి తెచ్చి కుర్చీ మీద పరిచారు. ముద్దాయి నిలబడ్డాడు.

"నేరం ఒప్పుకుంటున్నారా?" అని అడిగింది మేడమ్.

"మేడమ్, అది ముక్కు తుడుసుకునే దస్తీ."

ప్రాసిక్యూటర్ చప్పున లేచాడు. "బాధితుని గౌరవానికి భంగం కలిగించే వ్యాఖ్య. దయచేసి నమోదు చేయాలి."

నమోదు చేశారు. దామోదర్ సాక్ష్యం చెప్పాడు. మూడో కిటికీ ఆయన నెమ్మదస్తుడని, ఎవరి జోలికీ పోయేవాడు కాదని, ముద్దాయి కూడా మంచి మనిషేనని, ఇద్దరి మధ్యా పాత కక్షలున్నట్టు తనకు తెలియదని చెప్పాడు.

చివర్న ఏమైనా చెప్పుకునేది ఉందా అని మేడమ్ అడిగింది. లింబాద్రి కర్ర కటకటాలు పట్టుకుని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చాడు.

"ఒక్క మాట మేడమ్. రైలోళ్ల రూలు ప్రకారం నా దస్తీ పోతే నేను పోయినట్టే. మా మైసయ్య దస్తీ ఆఫీసుకు పోతే మైసయ్య పోయినట్టే, జీతం గూడ ఇస్తున్నరు. మరి జైలుకు గూడ నా దస్తీనే పంపుండ్రి. నేను కొట్టుకు పోత."

ప్రాసిక్యూటర్ పుస్తకం తిరగేశాడు, మళ్లీ తిరగేశాడు. సంస్థ తరఫున వచ్చిన అధికారి ఆయన చెవిలో ఏదో చెప్పాడు, ఆయన అడ్డంగా తలూపాడు. మేడమ్ గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది.

"మీ వాదనలో న్యాయం ఉంది," అంది చివరికి, ఏ మాత్రం వెటకారం లేకుండా. "వేరే ఏ నేరమైనా అట్లాగే చేసేదాన్ని. కానీ ఈ కేసులో కరవస్త్రం బాధితుడు. బాధితుణ్ణి జైలుకు పంపే చట్టం ఇంకా రాలేదు. ముద్దాయికి పదిహేను రోజులు."

దస్తీని క్షమాపణలతో సాయంత్రం రైల్లో దాని సీట్లో కూర్చోబెట్టి పంపించారు.

లసుంబాయి లాకప్పు దగ్గరికి జొన్నరొట్టెలు తెచ్చింది. ఊచల్లోంచి డబ్బా అందిస్తూ, "సేటుకు ఫోన్ చేసిన," అంది.

"ఏమన్నడు?"

"కొత్త పిలగాడు వచ్చిండట. నువ్వు బయటికొచ్చినంక గూడ రావద్దన్నడు."

లింబాద్రి రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. "వాని మోకాళ్లు మంచిగున్నయట," అన్నాడు.

మర్నాడు పొద్దున పోలీసు వ్యాను అతన్ని నగరంలోని జైలుకు తీసుకుపోయింది. లోపల రెండు పొడుగాటి బల్లలు, ఖైదీ అతనొక్కడే. లింబాద్రి ఎక్కి, వంగి, బల్ల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి బేడీల చేతులతో తడిమి చూశాడు.

"ఏం దేవులాడుతున్నవే?" అన్నాడు వెంట వచ్చిన కానిస్టేబుల్.

"ఎవరన్న కూసున్నరేమోనని."

"ఎవ్వలు లేరు. కూసో. కాళ్లు సాపుకో."

లింబాద్రి కూర్చుని కాళ్లు చాపుకున్నాడు. వ్యాను ఇటుక బట్టీలు దాటింది, చెరువు గట్టు దాటింది. పక్కన లారీల మీద, ఆటోల వెనక, రోడ్డు వారన జనం నగరంలోకి పోతున్నారు. సైరన్ విని వ్యానుకు మాత్రం అందరూ దారి ఇస్తున్నారు. పాతగంజ్ చౌరస్తాలో ఎర్ర సిగ్నల్ పడి వ్యాను ఆగింది. జాలీలోంచి చూస్తే ఎదురుగా చీరల కొట్టు కనపడింది. గుమాస్తాలు వరసగా నిలబడి ఉన్నారు. షట్టర్ అప్పుడే లేస్తోంది.

ఊదుబత్తి చేతిలో పట్టుకుని గోవర్ధన్ సేటు ఇటు తిరిగాడు. జాలీ వెనక మొహాన్ని పోల్చుకుని, గడియారం చూసుకున్నాడు.

"అరే లింబాద్రీ, ఈ రోజు టైముకి వచ్చినవ్," అన్నాడు.

"కూసోని వచ్చిన సేటూ," అన్నాడు లింబాద్రి.

పచ్చ సిగ్నల్ పడింది. వ్యాను కదిలింది.